తప్పు మాదే అన్న రీలు కంపెనీ

నిజం చెప్పే కంపెనీల లైసెన్సులు వెంటనే రద్దు చేయాలి!

నవ్వకండి. అబద్ధం చెప్పే కంపెనీ వల్ల మనకు ఎంత సుఖం! మిక్సీ కాలిపోతే కంపెనీని తిడతాం. ఫ్యాను తిరగకపోతే కంపెనీని తిడతాం. మొగుడూ పెళ్లాం పోట్లాట మానేసి, ఒక్క మాట మీదికి వచ్చి మరీ తిడతాం. ఇంతటి ఐకమత్యాన్ని ఏ పండగ తెస్తుంది చెప్పండి? అదే నిజం చెప్పే కంపెనీ చేతిలో పడ్డామా, మన గతి కూడా నస్పూర్ రాజేశం గతే!

రాజేశం బొగ్గుబాయిలో పంపు ఆపరేటర్. ఆరు రోజులు భూమి కింద నీళ్లు తోడతాడు, ఏడో రోజు గాలం పట్టుకుని గోదావరి ఒడ్డున కూర్చుని మళ్లీ నీళ్లనే చూస్తాడు. ఇలాంటి పిచ్చోళ్లంతా కలిసి 'గాలం దోస్తులు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. మొత్తం మూడు వందల నలభై మంది. అందరూ పరువు గల వాళ్లే, ఎవరి చేపా అయిదు కిలోలకు తగ్గదు. చచ్చినోడి కండ్లు చారెడంటారు కదా, తప్పించుకున్న చేపల లెక్క కూడా అంతే.

పోయిన ఎండాకాలం రాజేశం గాలానికి దారం చుట్టే రీలు విరిగి, చేప దారంతో సహా పోయింది. మెట్‌పల్లిలో రేకుల షెడ్డులో ఆరుగురితో నడిచే 'మత్స్యమిత్ర' అనే చిన్న కంపెనీ రీలు అది. ఖాళీ సంచితో ఇంటికి పోయేదెట్లా? పన్నెండు కిలోల వాలుగ పడిందని, అరగంట గుంజులాడి గట్టు దాకా తెచ్చానని, అప్పుడు రీలు విరిగిందని భార్య తారాబాయికి చెప్పాడు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరిగేసరికి బాయి దగ్గర క్యాంటీన్‌లో రాజేశానికి చాయ్ ముందుగా వస్తోంది. పాతికేళ్ల సర్వీసులో 'ఓ పంపాయనా' అని తప్ప ఎవరూ పిలవని మనిషిని 'పన్నెండు కిలోల రాజేశమన్నా' అంటున్నారు. ఆ పిలుపు చెవిన పడ్డప్పుడల్లా అతనికి కడుపు నిండిపోయేది.

అక్కడితో ఆగాడా? విరిగిన రీలు ఫోటో గ్రూపులో పెట్టి కంపెనీని నిలదీశాడు. ఇదేం రీలు, మా ఇజ్జత్ తీస్తున్నారా అని నాలుగు వాయిస్ మెసేజ్‌లు వదిలాడు. అరగంట గుంజులాట కూడా మరోసారి వివరంగా చెప్పాడు. గ్రూపంతా శభాష్ అంటూ అతని వెనక నిలబడింది.

మర్యాద తెలిసిన కంపెనీ అయితే ఏం చేసేది? మీరు సరిగా వాడలేదనేది. ఒక ఫిర్యాదు నంబర్ ఇచ్చి పడుకునేది. రాజేశం తిడుతూ ఉండేవాడు, పన్నెండు కిలోలు పదికాలాలు చల్లగా ఉండేవి. కానీ మత్స్యమిత్ర యజమానురాలు మహేశ్వరికి ఆ మర్యాదలు ఎవరూ నేర్పలేదు. ఆమె కూడా ఆ గ్రూపులోనే ఉంది, గంటలోపే అందరూ వినేలా అక్కడే జవాబు పెట్టింది.

"అన్నా, తప్పు మాదే. ఎండాకాలం చేసిన గా రీళ్లల్ల గేరు మెత్తగ వచ్చింది. ఈడ బరువు కట్టి చూసినం. రెండు కిలోలు పడంగనే ఇరుగుతున్నది. గవి ఎవ్వరు కొనకుండ్రి. కొన్నోళ్లు వాపస్ పంపుండ్రి, మంచిగ చేసిస్తం."

చూశారా దుర్మార్గం! తన తప్పు ఒప్పుకుని రాజేశం కొంప ముంచింది!

గ్రూపంతా ఆ జవాబును మళ్లీ మళ్లీ వింది. తర్వాత భూమన్న అనే పాత దోస్తు ఒక్కటే అడిగాడు. రెండు కిలోలకు విరిగే రీలు పన్నెండు కిలోలను అరగంట ఎట్లా ఆపింది? తారాబాయి ఆ ప్రశ్నను భర్త ఫోన్‌లో అతని కంటే ముందే చదివేసింది. తిట్టలేదు. ఈ ఆదివారం చేపల కూరకు పెద్ద గిన్నె తియ్యాలా, చిన్నదా అని మాత్రం అడిగింది.

రాజేశం రెండు రోజులు క్యాంటీన్ వైపు పోలేదు. గ్రూపులోంచి వెళ్లిపోదామనుకున్నాడు. మహేశ్వరిని తిడదామంటే ఆమె తిట్టడానికి జాగా మిగల్చలేదు. ఆరుగురి కూడు ఆ షెడ్డు మీదే ఉండగా, తన సరుకు కొనొద్దని తానే చాటింపు వేసుకుంది. ఆమె ముందు తన పన్నెండు కిలోలు ఏపాటివని అతనికి సిగ్గేసింది. మూడో రోజు పొద్దున డ్యూటీకి పోయే ముందు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేశాడు.

"వాలుగ కాదు, బొచ్చె. కిలోన్నర ఉంటదేమో. తప్పు నాదే."

ఇక అంటురోగం మొదలైంది! భూమన్న తన ఏడు కిలోల కొర్రమట్టను రెండుకు దించాడు. ఒక సారు తన చేప ఫోటో మార్కెట్లో దిగిందని ఒప్పుకున్నాడు. వారంలో గోదావరి చేపలన్నీ సగానికి సగం చిక్కిపోయాయి. కొత్త గేరుతో రీళ్లు వచ్చాక గ్రూపంతా మెట్‌పల్లి రీలు తప్ప వేరేది ముట్టేది లేదంది. ఆన్‌లైన్‌లో సగం ధరకే వస్తుందన్నా మొహం తిప్పుకుంటున్నారు. యాడ్ లేదు, ఆఫర్ లేదు, హీరో బొమ్మ లేదు. ఇది వ్యాపారమా, చేతబడా?

అన్నిటికంటే ఎక్కువ చెడిపోయింది రాజేశమే. నిజం ఒకసారి రుచి చూశాడు కదా, ఇప్పుడు కనిపించిన ప్రతి కంపెనీనీ అదే అడుగుతున్నాడు!

మొన్న వాళ్లింట్లో నాలుగు నెలల కిందట కొన్న ఇన్వర్టర్ బ్యాటరీ ఉబ్బింది. అది పెద్ద కంపెనీ, పేరెత్తడం బాగుండదు. రాజేశం ఫోన్ చేశాడు. రెండు నొక్కమంటే నొక్కాడు, తొమ్మిది నొక్కమంటే నొక్కాడు. మీ కాల్ మాకెంతో విలువైనదన్న మాట పదకొండు సార్లు విన్నాడు. చివరికి దొరికిన అమ్మాయి, మీరే సరిగా వాడి ఉండరని చెప్పింది. రాజేశం గొంతు పెంచలేదు.

"కొత్తది వద్దు బిడ్డా, పైసలు గూడ వద్దు. తప్పు మాదే అని ఒక్కసారి అను, చాలు. బతికినన్ని రోజులు మీదే కొంట."

అటువైపు చాలాసేపు కీబోర్డు చప్పుడైంది. పాపం, ఆ పిల్ల నిజంగానే వెతికింది.

"సారీ సర్, ఆ ఆప్షన్ మా సిస్టంలో లేదండీ."