డిస్క్ ఎక్కని గొర్రెలు

ఆ రోజు పొద్దున ఓబిలేష్ ముందున్న పనుల్లో కష్టమైనది ఒక్కటీ లేదు. గొర్రెల పెంపకందార్ల సంఘం ఆఫీసుకు పోవాలి, కంప్యూటర్‌లో ఉన్న గొర్రెల ఫొటోలన్నీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాలి, ఆ డిస్క్‌ను ప్రెసిడెంట్ గోవిందప్ప చేతికిచ్చి అనంతపురం బస్సెక్కించాలి. సాయంత్రంలోగా ఫొటోలు అందితేనే గొర్రెలకు బీమా అని ఇన్సూరెన్స్ వాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు. గోరంట్ల పక్కనున్న ఆ ఊళ్ళో ఇంటర్నెట్‌ను నమ్ముకుంటే ఫొటోల కంటే గొర్రెలే ముందు నడిచి అనంతపురం చేరతాయి.

ఆలస్యం చేయడానికి వీల్లేదు. మేత అయిపోయింది. మందలన్నీ ఆ మధ్యాహ్నమే కాలవ నీళ్ళున్న చోటికి వలస బయల్దేరుతున్నాయి. పోయినేడు ఇలాగే వలసపోతుంటే మారెక్క మందలోకి లారీ దూసుకొచ్చింది. సగం మంద రోడ్డు మీదే పోయింది. బీమా లేదు. ఆ ముసలామె అప్పట్నుంచి ఓబిలేష్ ఎక్కడ కనబడినా "ఫొటోలు పంపిచ్చినావా అప్పా?" అని ఆపుతూనే ఉంది. 

దీనికి తోడు సంఘంలో అతని కంప్యూటర్ ఉద్యోగం ఒకటి. సంఘం కంప్యూటర్‌లో విండోస్ వైరస్ పట్టి పడిపోయినప్పుడు అతనే లినక్స్ వేసి, దీనికి రోగాలు రావని మీటింగులో ఛాతీ విరుచుకున్నాడు. గోవిందప్ప మేనల్లుడు విజయభాస్కర్‌కు గోరంట్లలో కంప్యూటర్ల అంగడి ఉంది. సంఘానికి కొత్తది అమ్మాలని కాచుకున్న అతని నోట్లో మట్టి పడింది. "చూస్తాండు మామా, ఒగ దినం ఈ లినక్సు మనల్ని నడిబజార్లో నిలబెడ్తాది" అని అప్పుడే అన్నాడు. గోవిందప్ప కూడా నిన్న తేల్చి చెప్పాడు, "ఫొటోలు గాని పోకపోతే నువ్వు ఇంటికే ఓబిలేసూ" అని.

డిస్క్ కూడా విజయభాస్కర్ అంగడిదే. ఓబిలేష్ దాన్ని కంప్యూటర్‌కు గుచ్చాడు. లినక్స్‌లో గుచ్చితే సరిపోదు. ఒక ఖాళీ ఫోల్డర్ చూపించి, డిస్క్‌ను దానికి తగిలించాలి. దాన్నే మౌంట్ చేయడం అంటారు. అతను ఆ పనికోసం 'బయటి డిస్క్' అని ఒక ఫోల్డర్ పెట్టుకున్నాడు. మామూలుగా దానంతటదే జరిగిపోయే పని, ఆ రోజు జరగలేదు. సరేనని నల్ల తెర తెరిచి కమాండ్ చేత్తో కొట్టాడు. సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి గోవిందప్ప కేకేశాడు.

"ఏమప్పా, అయినాదా ల్యాదా? బస్సు వచ్చే టయమైంది!"

"అయితాంది సార్, అయితాంది!"

అతను తల తిప్పి జవాబిచ్చేలోగా కంప్యూటర్ రెండు లైన్ల ఇంగ్లీషులో ఏదో మొరపెట్టుకుంది. ఓబిలేష్ చూడలేదు. ఫొటోలన్నీ 'బయటి డిస్క్' ఫోల్డర్‌లోకి జరపమని ఇంకో కమాండ్ కొట్టాడు. కన్ను మూసి తెరిచేలోగా పని అయిపోయింది. వేలకొద్దీ ఫొటోలు!

"చూస్తిరా సార్, ఇదీ లినక్సంటే! అదే విండోస్ అయింటే ఈ పాటికి చక్రం తిరుగుతా ఉండేది."

అన్ని ఫొటోలు అంత వేగంగా ఎలా పోయాయని ఆ మహానుభావుడికి అనుమానం రావాలి కదా? రాలేదు. గొప్పలు చెప్పుకునేవాడికి అనుమానపడే తీరిక ఎక్కడుంటుంది!

"ఒగసారి చూపీ. నావి ఉండాయా?" అంటూ గోవిందప్ప లోపలికొచ్చాడు. ఓబిలేష్ 'బయటి డిస్క్' తెరిచాడు. ఫొటోలన్నీ ఉన్నాయి. తలకు కొత్త రుమాలు చుట్టుకుని మంద నడుమ నిలబడ్డ తన ఫొటో చూసుకుని గోవిందప్ప మీసం దువ్వుకున్నాడు. డిస్క్ సంచిలోకి చేరింది.

మామను బస్సు దగ్గర దింపడానికి విజయభాస్కర్ బైక్ మీద వచ్చాడు, భుజాన ల్యాప్‌టాప్‌తో. "అనంతపురంలో అందరికీ ఉండేది విండోసే మామా. ఒగసారి దీంట్లో పెట్టి చూసుకోని పోదాం" అన్నాడు. పెట్టాడు. డిస్క్ నిండా సినిమాలున్నాయి. వెతికితే గొర్రె ఒక్కటి లేదు.

"గొర్రెలు యాడ్రా?" అన్నాడు గోవిందప్ప.

"ఇప్పుడే కద సార్, ఇద్దరం చూసినాం!"

విజయభాస్కర్ కోపంగా డిస్క్‌ను పీకి అతని మీదికి విసిరాడు. ఓబిలేష్ దాన్ని మళ్ళీ తన కంప్యూటర్‌కు గుచ్చాడు. ఈసారి కంప్యూటర్ మొర చదివాడు. ఈ డిస్క్‌ను విండోస్ సరిగా మూయలేదు, నేను ముట్టుకోను అని దాని గోడు. అదీ నిజమే. నిన్న సాయంత్రం సినిమాలు ఎక్కించుకున్న విజయభాస్కర్ డిస్క్‌ను ఇలాగే పీకి పంపాడు. ఓబిలేష్ ఫోన్లో చూసి రిపేరు కమాండ్ కొట్టాడు. డిస్క్ బుద్ధిగా మౌంట్ అయింది. 'బయటి డిస్క్' తెరిచాడు.

సినిమాలు. ఇందాక అదే ఫోల్డర్‌లో కళ్ళారా చూసిన ఫొటోలు ఒక్కటీ లేవు. రిపేరు చేసి తానే చేజేతులా తుడిచేశాననుకున్నాడు.

"ముందువి ఉంటాయి గదా కంప్యూటర్‌లో?" అన్నాడు గోవిందప్ప.

"కాపీ చెయ్యలా సార్. జరిపినా."

"ఫోన్లో?"

"జాగా ల్యాక ఎప్పుడో తీసేసినా."

"నేను చెప్పలా మామా!" అన్నాడు విజయభాస్కర్. అతని గొంతులో పట్టరాని సంతోషం ఉంది.

ఓబిలేష్‌కు మారెక్క మొహం గుర్తొచ్చింది. ఏడుపొచ్చినంత పనైంది. ఉద్యోగం పోతే పోయింది, ఆమె గొర్రెలు మళ్ళీ బీమా లేకుండా రోడ్డెక్కుతాయి. మందలు ఇంకా ఊరి బయటే ఉన్నాయి కదా అని వెంటనే ఫోన్ తీశాడు. "మారెక్కా, అందర్నీ మందలు తోలుకోని ఆఫీసు కాడికి రమ్మను. ఫొటోలు పోయినాయి, మళ్ళా తియ్యల్ల!"

ఆ మాట వినగానే గోవిందప్ప మొహంలో రక్తం ఇంకిపోయింది. "ఎవర్నడిగి పిలిచినావ్రా? అందర్నీ ఒగేసారా?"

"ఒగేసారి అయితేనే సార్, బస్సు టయానికి అందుకునేది."

గోవిందప్ప గోడకానుకుని కూలబడి మంచినీళ్ళడిగాడు. పాపం, సంఘం కోసం ఎంత కుమిలిపోతున్నాడోనని ఓబిలేష్‌కు గుండె తరుక్కుపోయింది.

మారెక్క పక్క మందవాళ్ళకు ఫొటోలు పోయాయని చెప్పింది. వాళ్ళు అవతలివాళ్ళకు బీమా పోయిందన్నారు. ఊళ్ళోకి చేరేసరికి అది సంఘం ఆఫీసులో ఉచితంగా దాణా ఇస్తున్నారనీ, జీవాలను తోలుకొచ్చినవాళ్ళకేననీ అయింది. గొర్రెల వెనక మేకలొచ్చాయి, మేకల వెనక ఎవరిదో పాలిచ్చే ఎనుము వచ్చింది. రోడ్డంతా ఉన్నితో నిండిపోయింది. అనంతపురం బస్సు నడిమధ్యలో ఇరుక్కుని హారన్ కొడుతోంది. మందలు కలిసిపోయి, అది నాది, కాదు నాది అని రుమాళ్ళు లాక్కునేదాకా వచ్చింది. మారెక్క పొట్టేలు ఒకటి, ఒక కొమ్ము విరిగినది, విజయభాస్కర్ బైక్‌ను ఒక్క కుమ్ముతో పడగొట్టి, ఆఫీసులోకొచ్చి కుర్చీ తిరగదోసింది. దాన్ని బయటికి ఈడ్చేసరికి జనానికి తలప్రాణం తోకకొచ్చింది.

"ముందు ప్రెసిడెంటే నిలబడల్ల!" అని మారెక్క అరిచింది. "నీ గొర్రెలు యాడప్పా గోవిందప్పా?"

"మావి... తెల్లారే పోయినాయి, వలసకి."

"యా దోవన పోయినాయప్పా? మేమంతా ఆ దోవలోనే ఉండాం గదా!"

గోవిందప్ప ఎండ ఎక్కువగా ఉందని లోపలికొచ్చేశాడు.

వంగిపోయిన హ్యాండిల్ పట్టుకుని విజయభాస్కర్ ఊగిపోతున్నాడు. "నీ ఫొటోలూ వద్దు, నీ బీమా వద్దు. నా డిస్క్ నాకియ్యి, నేను పోతాండా!"

ఓబిలేష్‌లో ఎదురు చెప్పే ఓపిక లేదు. ఉద్యోగం వదిలి పోయేముందు ఈ ఒక్క పనైనా పద్ధతిగా చేద్దామని, డిస్క్‌ను పీకకుండా, ఫోల్డర్ మూసి, విడదీసే కమాండ్ కొట్టి, అప్పుడు తీసి అతని చేతికిచ్చాడు. ఇక 'బయటి డిస్క్' ఫోల్డర్ ఖాళీయే కదా, దాన్ని కూడా తీసేద్దామని చివరిసారి తెరిచాడు.

గొర్రెలు! వరసల కొద్దీ గొర్రెలు!

 అప్పుడు అతనికి ఒక్కొక్కటే తెలిసొచ్చింది. పొద్దున డిస్క్ మౌంటే కాలేదు. ఫొటోలు డిస్క్‌లోకి పోనే లేదు, కంప్యూటర్‌లోనే ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి జరిగాయి. ఆనక డిస్క్ సరిగ్గా మౌంట్ అయి, గిన్నె మీద మూత పెట్టినట్టు ఆ ఫోల్డర్ మీద కూర్చుంది. మూత తీశాడు, కనబడ్డాయి.

"మారెక్కా! ఉండాయి! అన్నీ ఉండాయి!"

జనం కిటికీకి అతుక్కున్నారు. మావి చూపీ అంటే మావి చూపీ అన్నారు. ఓబిలేష్ సంతోషంతో ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయాడు. మారెక్క, ఆమె మంద. ఆ తర్వాత, మామ మందవని విజయభాస్కర్ తీసిచ్చిన ఫొటోలు వచ్చాయి. కొత్త రుమాలుతో గోవిందప్ప, చుట్టూ మంద. ఆయన పక్కనే, కెమెరావైపు గుర్రుగా చూస్తూ, ఒక కొమ్ము విరిగిన పొట్టేలు.

అందరూ ఫొటో చూశారు. అందరూ వాకిట్లో కట్టేసిన పొట్టేలును చూశారు.

"మా ఒంటికొమ్ముదే అది!" అంది మారెక్క. "నీ చేన్లో ఎరువుకని మంద నిలిపితి గదప్పా. రాత్రి ఎరువు నీదే, తెల్లారితే గొర్రెలూ నీవేనా? ఒగే గొర్రె ఇద్దరి పేరు మీద పోయింటే, నా బీమా గతేమి?"

విజయభాస్కర్ వంగి బైక్ చక్రం పరిశీలించసాగాడు. గోవిందప్ప ఓబిలేష్ చెవి దగ్గరికొచ్చాడు. "నాయనా ఓబిలేసూ, ఇందాక మాయం చేసినావే, నావి మాత్రం ఇంగొగసారి అట్ల చెయ్ నాయనా."

పొద్దుట్నుంచి ఈయనకా నేను భయపడి చచ్చింది, అనుకున్నాడు ఓబిలేష్. ఒళ్ళు మండింది. లేచి నిలబడి, బస్సులోవాళ్ళకు కూడా వినబడేలా అడిగాడు.

"సార్, మీ ఫొటోలు డిస్క్‌లోకి ఎక్కించల్నా, వద్దా?"

గోవిందప్ప రుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "వద్దులేప్పా."

"సరే సార్. ఇవి ఈ కంప్యూటర్‌లోనే ఉంటాయిలే. యాడికీ పోవు."

విజయభాస్కర్ దగ్గర డిస్క్‌ను మళ్ళీ తీసుకుని, ఈసారి ప్రతి లైనూ చదివి మౌంట్ చేసి, కాపీ పెట్టాడు. అది కదలదే! చుక్క చుక్కగా పోతోంది. కిటికీ దగ్గర మారెక్క ఆగలేకపోయింది.

"పొద్దున చిటికెలో అయిందంట గదప్పా?"

"అప్పుడు యాడికీ పోలేదు మారెక్కా, అందుకే అంత స్పీడు."

గొర్రెలు రోడ్డు వదిలేదాకా బస్సు ఎలాగూ కదల్లేదు. కాపీ అయ్యాక విజయభాస్కర్ ల్యాప్‌టాప్‌లోనే అన్నీ చూసుకుని, డిస్క్‌ను ఒళ్ళో పెట్టుకుని ఓబిలేషే బస్సెక్కాడు. సాయంత్రానికి ఫొటోలు అందాయి. మారెక్క మంద బీమాతో వలసకు బయల్దేరింది.

గోవిందప్ప ఫొటోలు ఇప్పటికీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి, దాని ముందు కుర్చీలో ఓబిలేష్ కూడా ఉన్నాడు.