నిరాంగ్ల విద్యార్థి కావలెను

ఇంగ్లీషు రాని దేశంలో ఇంగ్లీషు నేర్పడానికి ముందుగా కావలసింది ఇంగ్లీషు కాదు, అర్హత. ఇంగ్లీషు ఎక్కడైనా దొరుకుతుంది. అర్హత మాత్రం సూర్యాపేటలో టైర్ల దుకాణం పైనున్న అంతర్జాతీయ ఆంగ్ల బోధనార్హతల కేంద్రంలోనే దొరుకుతుంది. (మెట్లు దుకాణం లోపలి నుంచే. టైర్లు తొక్కకూడదు.)

సంగీతకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. త్రిపురారంలో గొర్లు కాసే మంగయ్య బిడ్డ ఆమె. మిర్యాలగూడలో ఓ ప్రైవేటు బడిలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెబుతోంది. చెబుతోందంటే, పాఠంలోని ప్రతి వాక్యాన్నీ తెలుగు చేసి, ఆ తర్వాత ఇంగ్లీషుదాన్ని పిల్లల చేత బట్టీ పట్టిస్తోంది. పొరపాటున ఒక మాట ఇంగ్లీషులో అంటే, అర్థమయ్యేటట్టు చెప్పమని వెనక బెంచీలు గోల పెడతాయి. అలాంటి మనిషిని వియత్నాంలో ఒక బడివాళ్లు వీడియోలో మాట్లాడించి, మెచ్చుకుని, రమ్మన్నారు. అక్కడి పిల్లలకు తెలుగు రాదు. అంటే బతుకులో మొదటిసారి ఆమె ఇంగ్లీషు ఎవరికో అక్కరకొస్తుంది. ఆ సంతోషంలో ఆమె బడి బస్సు డ్యూటీ కూడా నవ్వుతూ చేసింది. నెలాఖరులోగా అర్హత పత్రం ఒకటి పంపితే చాలన్నారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. కేంద్రంలో పూజారి పేరు శశిధర్, హోదా నిరాంగ్ల విద్యార్థి నిర్ధారణాధికారి. కోర్సు మొత్తం పూర్తిచేసి, పరీక్షలన్నీ రాసిన సంగీతకు ఆయన పద్నాలుగో నిబంధన చదివి వినిపించాడు. ఆఖరి పాఠం ఒక నిరాంగ్ల విద్యార్థికి చెప్పి చూపించాలట. నిరాంగ్ల విద్యార్థి అనగా ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా తెలియనివాడు.

మామూలుగా ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్లయితే సరిపోరా అని ఆమె అడిగింది.

"వచ్చినోళ్లకు చెప్తే అది నేర్పుడు గాదు మేడం, యాది చేసుడు" అన్నాడు శశిధర్.

సంగీత గుండె కుదుటపడింది. ఇంట్లోనే వాళ్ల నాయనమ్మ పెంటమ్మ ఉంది. బడి గడప తొక్కలేదు, వేలిముద్ర తప్ప సంతకం ఎరగదు. అంతకన్నా స్వచ్ఛమైన విద్యార్థి జిల్లాలో ఉంటుందా! శశిధర్ త్రిపురారం వచ్చి, మంచం మీద కూర్చున్న పెంటమ్మను ఆరోగ్యం ఎట్లుందని అడిగాడు. (నిబంధన ప్రకారం మొదటి ప్రశ్న అదే.)

"షుగర్ జర కంట్రోల్ల ఉన్నది బిడ్డా. బీపీకే టాబ్లెట్ మార్చిండు డాక్టరు. కరెంటు లేక ఫ్యాన్ తిరగక ఇగ ఒకటే టెన్షన్."

శశిధర్ కలం మూత పెట్టి, ఈమెకు నేర్పడానికి ఏమీ మిగల్లేదని తేల్చాడు. మనవరాలి ఉద్యోగం పోతుంటే పెంటమ్మ మాత్రం తెగ మురిసిపోయింది. ఇన్నేళ్లకు తను చదువుకున్న మనిషినని ఒక ఆఫీసరు ఒప్పుకున్నాడు మరి.

కోదాడ దగ్గర చిలుకూరులో లీలావతి అనే పెద్దావిడ ఉందని విని సంగీత అక్కడికి పరుగెత్తింది. వెనకాలే శశిధర్. లీలావతి ఒక పూటంతా వానల గురించి, వరి గురించి, కోడళ్ల గురించి అచ్చ తెలుగులో మాట్లాడింది. సంగీత లోలోపల దండాలు పెట్టుకుంటూ కూర్చుంది. శశిధర్ ఆమోద ముద్ర బయటికి తీసి, ఊది, ఎత్తిన క్షణాన లీలావతి ఫోను మోగింది. ఆమె ఎత్తి, "హలో" అంది.

ముద్ర మళ్లీ సంచిలోకి వెళ్లింది.

నెలాఖరు నెత్తి మీదికొచ్చింది. బిడ్డ అన్నం ముందు కూర్చుని ముద్ద మింగకపోవడం మంగయ్య చూశాడు. మనుషుల్లో లేకుంటే మన మందలో చూడమన్నాడు. ముందు కుక్కను అనుకున్నారు గానీ, అది మొదటి పరీక్షలోనే పోయింది. మన దగ్గర పెళ్లాంబిడ్డలతో తెలుగు మాట్లాడేవాడు కూడా కుక్కతో మాత్రం ఇంగ్లీషే మాట్లాడతాడు. కమాన్, గో, సిట్, షేక్‌హ్యాండ్ అన్నీ దానికి వచ్చు. ఇక మిగిలినవి గొర్లు. వాటితో మంగయ్య నాలుకతో చేసే చప్పుళ్లు ఏ దేశపు భాషా కాదు.

శశిధర్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. విద్యార్థి అనగా హాజరు వేయబడినవాడు అని ఉంది తప్ప, ఎన్ని కాళ్లుండాలో లేదు. మాడుగులపల్లి అవతల ఎరువు కోసం ఒక రైతు తన మడిలో మంగయ్య మంద పెట్టించుకున్నాడు. తెల్లారి ఆ మడిలోనే తరగతి. హాజరు వేశారు. సంగీత ముందుగా సిగ్గుపడింది, తర్వాత మనసు పెట్టి పాఠం చెప్పింది. అన్ని తలలూ ఒకేసారి లేచాయి, ఒకేసారి వంగాయి. మూల నుంచి ఒక నల్ల గొర్రె మాత్రం తల అడ్డంగా ఊపింది. అర్థం కాలేదని నిజాయితీగా ఒప్పుకున్న విద్యార్థిని తన ఉద్యోగ జీవితంలో సంగీత అప్పుడే చూసింది.

పెంటికల నుంచి బూటు పైకి లాక్కుంటూ శశిధర్ నివేదిక రాశాడు. తరగతి నిశ్శబ్దం, ఫోన్లు లేవు, ప్రశ్నలు లేవు, బోధన అత్యుత్తమం. ముద్ర పడింది. గడువుకు ఒక రోజు ముందే పత్రం వియత్నాం చేరింది.

రెండో రోజు జవాబొచ్చింది. పత్రం చాలా బాగుందట. అయితే ఆ ఉద్యోగం ఇంగ్లండు నుంచి బీచ్ చూడ్డానికి వచ్చిన ఒక కుర్రాడికి ఇచ్చేశారట. కోర్సు చేయలేదు, బడిలో చెప్పలేదు. ఇంగ్లీషు మాట్లాడే ఇంట పుట్టాడు. అతని అర్హత అదేనని రాశారు.

సంగీత ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, సూర్యాపేట బస్సెక్కింది. టైర్లు తొక్కుకుంటూనే మెట్లెక్కి, ఆ అర్హత ఏ కోర్సులో వస్తుందో, అదీ చేస్తానని శశిధర్‌ను అడిగింది.

ఆయన జాలిగా పుస్తకం తీసి, వెతికి, మూశాడు.

"ఆ కోర్సు ఉన్నది మేడం. గానీ మీ బ్యాచ్‌కు అడ్మిషన్లు మీరు పుట్టిన రోజే బంద్ అయినయ్."