బీరువా తాళం, కన్వీనర్ సంతకం

"కువైట్‌లో తొలి తెలుగు తాళాల దుకాణం చట్టబద్ధంగా, శాస్త్రబద్ధంగా, కమిటీబద్ధంగా ఏర్పడబోతున్నది!" అని ప్రవాస సంక్షేమ సమన్వయ కమిటీ కన్వీనర్ నాగేంద్రప్రసాద్ గారు బ్నీద్ అల్ గార్‌లోని కమిటీ ఆఫీసులో ప్రకటించారు. ఆ దుకాణం పెట్టాల్సిన హుస్సేన్ వలి అక్కడే ఉన్నాడు. ఫారం ఎక్కడ దొరుకుతుందో అడిగి పోదామని వచ్చినవాడు, అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టాడు.

వలిది రాయచోటి. రుమైథియాలో ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్లుగా డ్రైవరు. పనివాళ్లంతా 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలికి తాళంచెవులు లోపల పెట్టి తలుపు వేసుకునే అలవాటు ఉండడంతో వలికి తాళాలు తీసే విద్య పట్టుబడింది. రెండు ఇనప పుల్లలు ఇస్తే చాలు, ఎంతటి తాళమైనా అతని మాట వింటుంది.

ఇప్పుడు మామా జహ్రాలో కూతురింటికి మారిపోతోంది. అక్కడ డ్రైవరు ఉన్నాడు, వంటమనిషి లేదు. ఇక్కడి వంటమనిషి వలి భార్య రజియా బీ. అంటే రజియా జహ్రాకు, వలి రాయచోటికి. దారి చూపించింది కూడా మామానే. లైసెన్సు తన పేరు మీద తీసుకొని వలిని దుకాణంలో పెట్టుకుంటానని కాగితాల మీద సంతకం చేసింది. ఇంటి వీసా నుంచి దుకాణం వీసాకు మారడానికి ప్రభుత్వం రెండు నెలల గడువిచ్చింది. ఆలోగా కాగితాలు సర్కారు ఆఫీసులో ఇవ్వడమే మిగిలిన పని.

కానీ ప్రభుత్వానికి ఇచ్చే కాగితం పెద్దమనిషి చేతి మీదుగా పోతేనే కదులుతుందని వలి నమ్మకం.

"మామా సంతకం పెట్టినాక మధ్యలో ఆయప్ప దేనికి? నువ్వే పోయి ఇచ్చి రాకూడదా?" అంది రజియా.

"నీకు తెల్దులే. కన్వీనరన్నకు లోపల మనుషులుండారు."

అన్న ఆ కాగితాల ఫైలును రెండు చేతులతో అందుకున్నారు, కళ్లకద్దుకున్నారు, ఫోటో దిగారు. ఫైలు తీసుకుని ఊరుకునే రకం కాదు ఆయన. 'తాళాల వ్యాపారం: చట్టపరమైన, ఆచరణాత్మక అంశాలు' అని వరుసగా మూడు శుక్రవారాలు అవగాహన సదస్సు పెట్టారు. వినడానికి వచ్చిన తాళాలవాడు వలి ఒక్కడే అయినా మైకు పట్టుకునే మాట్లాడారు.

"తాళం తీయమని ఎవరొచ్చినా ముందు అది ఎవరిదో తేల్చుకోవాల. సివిల్ ఐడీ నంబరు రాసుకోవాల. తీసినాక లోపల ఏముండాదో రిజిస్టర్‌లో రాసి, ఓనరు సంతకం తీసుకోవాల. లైసెన్సు రాకముందు ఎవరి తాళమూ ముట్టగూడదు. ముట్టితివా, ఇఖామా ఖలాస్, ఊరికి పంపిచ్చేస్తారు!"

వలి ఒక లావుపాటి రిజిస్టర్ కొని, ఇవన్నీ మొదటి పేజీలో రాసుకున్నాడు. చట్టం మీద అతనికి ఎంత గౌరవం ఏర్పడిందంటే, ఆ నెలలో మామా మళ్లీ చెవులు లోపల పెట్టి తలుపేసుకున్నప్పుడు పుల్లలు బయటికి తీయలేదు. కూతురు రెండో చెవి తెచ్చేదాకా మామా గంటసేపు ఎండలో నిలబడింది. వలి కూడా మర్యాదగా పక్కనే నిలబడ్డాడు.

వారం వారం కన్వీనర్ గారికి ఫోన్ చేసేవాడు.

"అన్నా, నా ఫైలు?"

"ప్రాసెస్‌లో ఉండాది."

తర్వాత వారం: "లోపలికి పోయింది."

ఆ తర్వాత: "చానా లోపలికి పోయింది వలీ. ఇంక బయటి మనుషులు ఎవురూ దాన్ని ముట్టుకోలేరు."

గురువారంతో గడువు అయిపోయింది. ఆ సాయంత్రమే వలి మళ్లీ ఫోన్ చేశాడు.

"గడువనేది మామూలోళ్లకు. మన ఫైలు గడువు దాటిపోయే ఫైలు కాదు. రేపు ఊరి నుంచి మున్సిపల్ చైర్మన్ గారొస్తాండారు. స్టేజీ మీద నీకు సన్మానం. యల్లా, మంచి చొక్కా ఏసుకోని రా!"

శుక్రవారం వలి మంచి చొక్కా వేసుకుని వచ్చేసరికి ఆఫీసులో గోల గోలగా ఉంది. సన్మానం శాలువాలు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళంచెవి ఎక్కడా లేదు. చైర్మన్ గారి కారు సిగ్నల్ దగ్గరికి వచ్చేసింది. శాలువా లేని సన్మానాన్ని కమిటీ పుట్టినప్పటి నుంచి ఎవరూ చూడలేదు.

"వలీ, దేవుడల్లే వచ్చినావు. తెరువు!" అన్నారు కన్వీనర్ గారు.

"లైసెన్సు వచ్చిందా అన్నా?"

"వచ్చినట్టే."

"అట్లయితే తెరిచినట్టే చేస్తే సరిపోతాదా?"

"ఇది వ్యాపారం కాదప్పా, సేవ! తెరువు."

సేవ అన్నాక వలి కాదనలేకపోయాడు. కానీ రిజిస్టర్ తీశాడు.

"బీరువా ఎవరిదన్నా?"

"ప్రజలది."

"ప్రజల సివిల్ ఐడీ నంబరు చెప్పన్నా, రాసుకుంటా."

"కారు కిందికొచ్చేసింది!" అని కిటికీ దగ్గర ఎవరో అరిచారు.

"నాది! నా బీరువానే! నా నంబరే రాసుకో!" అని కన్వీనర్ గారు ఐడీ కార్డు రిజిస్టర్ మీద పడేశారు.

నిమిషంలోపే బీరువా తెరుచుకుంది. కన్వీనర్ గారు పైనున్న శాలువా లాగి, విదిలించి, మెట్ల వైపు పరుగెత్తారు. ఆ విదిలింపుకు మడతలో నుంచి ఒక ఆకుపచ్చ ఫైలు వలి కాళ్ల దగ్గర పడింది. మడత చెడకుండా అట్టగా పెట్టిన ఫైలు. పైన అతని పేరు, లోపల మామా సంతకం, ఆయన కళ్లకద్దుకున్నప్పుడు అంటిన కుంకుమ మరక.

వలికి కోపం తర్వాత వచ్చింది. ముందు సిగ్గేసింది, తననే పోయి ఇచ్చి రమ్మన్న రజియా మాట గుర్తొచ్చి. మిగిలిన శాలువాలను ఒక్కొక్కటిగా తడిమి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. రిజిస్టర్ తెరిచి నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు.

సభ దివ్యంగా జరిగింది. "మా కమిటీ పోరాడి సాధించిన తొలి తాళాల నిపుణుడు" అని కన్వీనర్ గారు చెప్పగా, చైర్మన్ గారు ఆ శాలువానే వలి భుజాల మీద కప్పారు. అట్ట లేకపోవడం వల్ల కాస్త జారింది. వలి దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రిజిస్టర్ చాచాడు.

"ఓనరు సంతకం అన్నా. నువ్వు చెప్పిందే."

కన్వీనర్ గారి కళ్లు చెమర్చాయి. "చూసినారా సార్, మా సదస్సు ఫలితం!" అని, రిజిస్టర్ కెమెరాకు కనబడేలా పట్టుకుని, కెమెరా వైపే చూస్తూ సంతకం చేశారు.

వలి ఇంటికొచ్చాక రజియా ఫైలు చూసింది, శాలువా చూసింది. జహ్రాకు సర్దుకుంటున్న పెట్టెలో తన బట్టలు పక్కకు జరిపి, ఆ శాలువా తీసుకుని మడిచి పెట్టుకుంది. వలి పెట్టె మంచం కింద ఖాళీగానే ఉంది.

అదే సాయంత్రం కన్వీనర్ గారు ఆరువందల మంది ఉన్న కమిటీ గ్రూపులో ఫోటో పెట్టారు. 'తొలి తెలుగు తాళాల దుకాణం రికార్డుపై చారిత్రక సంతకం.' ఫోటో చాలా స్పష్టంగా వచ్చింది. కన్వీనర్ గారి నవ్వు, ఆయన సంతకం, దాని పైన గుండ్రటి అక్షరాలు:

'బీరువా ఓనరు: నాగేంద్రప్రసాద్. లోపల ఉన్నవి: శాలువాలు పద్నాలుగు. వాటి మడతల్లో అట్టలుగా ప్రజల ఫైళ్లు పద్నాలుగు.'

మొదటి గంటలో నూట ఎనభై దండాలు, పూలగుత్తులు వచ్చాయి. ఆ తర్వాత జహ్రాలో పనిచేసే సూరాయమ్మ ఫోటోను పెద్దది చేసుకుని చూసింది.

"వలన్నా, వాటిల్లో నాది కూడా ఉండాదేమో రవ్వంత చూడు," అని రాసింది.