చిన్న ఆపరేషన్లకు పెద్దపీట

"తరతరాలుగా బిల్లులో అడుగున పడి ఉన్న చిన్న ఆపరేషన్లకు ఇవాళ్టితో విముక్తి" అని ఆరోగ్య మంత్రిగారు మా ఆసుపత్రి హాల్లో గంటన్నర నిలబడి ప్రకటించారు. నేను చప్పట్లు కొట్టాను. బిల్లింగ్ గుమస్తాను, చప్పట్లూ డ్యూటీలో భాగమే.

సంగతేమిటంటే, ఒకే మనిషికి ఒకే పూట మూడు ఆపరేషన్లు చేస్తే ఇన్సూరెన్సు వాళ్లు బిల్లులో మొదట రాసిన ఆపరేషన్‌కు పూర్తి రేటు, రెండోదానికి సగం, మూడోదానికి పావు ఇస్తారు. అందుకే ఖరీదైనది పైన రాస్తాం. ఇన్నాళ్లూ ఇందులోని అన్యాయం ఎవరి కంటా పడలేదు. మంత్రిగారి కంట పడింది. ఇకపై చిన్నది పైన, పెద్దది అడుగున.

ఆ సాయంత్రమే మా బాబాయి నిచ్చెన మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది, పిక్క కండ తెగింది, బొటనవేలి గోరు చితికింది. కొత్త వరుసలో గోరుకు పూర్తి రేటు, తొడకు పావు.

మేనేజరు లెక్క చూసి కళ్లజోడు తీశాడు.

"పావు రేటుకి తొడలో వేసే రాడ్డు కూడా రాదయ్యా. గోరు కానిచ్చెయ్."

"మా సొంత బాబాయి సార్."

"అలాగా. అయితే గోరు జాగ్రత్తగా తీయమంటాను. కాలు పరిశీలనలో ఉందని రాసెయ్."

గోరు తీశారు. వంక పెట్టడానికి లేకుండా తీశారు. మర్నాడు తొలి లబ్ధిదారుడితో ఫొటో దిగడానికి మంత్రిగారు వచ్చారు. బాబాయి పడుకునే దండం పెట్టాడు.

"అయ్యా, కాలు కదలట్లేదండి."

"గోరెలా ఉంది?"

"గోరు లేదండి."

"చూశారా" అన్నారు మంత్రిగారు, విలేకరుల వైపు తిరిగి.

తర్వాత పథకం బోర్డు స్వహస్తాలతో తగిలిస్తానని స్టూలెక్కి, జారి పడ్డారు. తొడ ఎముక విరిగింది. బొటనవేలి గోరు కూడా పోయింది.

మంత్రిగారి పీఏ పరుగున నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"తొడ పైన రాయి."

"కొత్త రూలు ప్రకారం గోరు కదండీ..."

"ప్రకటనకి ముందు రోజు తేదీ వెయ్యి. అప్పటికి రూలెక్కడుంది?"

వేశాను. గంటలో థియేటర్ సిద్ధమైంది.

బిల్లులో తేదీలు సరిచూసుకున్న పత్రికలు మూడో రోజు మొదటి పేజీలో రాశాయి: 'విరిగిన కాలితో గంటన్నర నిలబడి ప్రసంగించిన ప్రజానాయకుడు.' సన్మాన సంఘం కూడా వెలిసింది.

ఆ పేపరు బాబాయికి నేనే చదివి వినిపించాను. తన కాలి వంక చూసుకున్నాడు.

"ఒరే, నేనూ ఒక రోజు ముందే పడ్డానని రాయకూడదూ?"

నాకు సిగ్గేసింది.

"గోరు బిల్లు పడ్డ రోజు తేదీతోనే పాసైపోయింది బాబాయ్" అన్నాను.