ఒత్తిడిరహిత ప్రవేశ పరీక్ష

మానవజాతి చరిత్రలో పిల్లల మీద చదువుల ఒత్తిడిని అధికారికంగా రద్దు చేసిన మొట్టమొదటి ఊరు మార్కాపురం. రద్దయింది జనవరి ఎనిమిదో తేదీ, గురువారం, పొద్దున పదకొండు గంటలకు. (పదిన్నరకే కావాల్సింది. మైకు పలకలేదు.)

ఆ ఘనకార్యం జరిగింది సుఖాధ్యయన విద్యానికేతన్ ఆవరణలో. ఆరో తరగతిలో చేరాలంటే ప్రవేశ పరీక్ష పెట్టే బడి అది. ఉన్నవి అరవై సీట్లు. వాటి కోసం ఏటా ఆరేడొందల మంది పిల్లలు కనిగిరి నుంచీ గిద్దలూరు నుంచీ బస్సుల్లో, తర్లుపాడు నుంచి ఆటోల్లో వచ్చి పరీక్ష రాసి, దారిలో వాంతులు చేసుకుంటూ ఇళ్లకు పోతుంటారు. ఆ రోజు తల్లిదండ్రులందర్నీ పిలిపించి, బడి కరెస్పాండెంటు రాధాకృష్ణమూర్తి గారు స్టేజీ ఎక్కి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"'నవ్వవే నా ర్యాంకూ' సీరియల్ చూసినాక మా యాజమాన్యానికి మూడు రోజులు అన్నం సయించలేదు," అన్నారు. "పసిపిల్లల్ని ఇంత హింస పెడతామా అనిపించింది. అందుకే ఈ ఏడు నుంచి ప్రవేశ పరీక్షలో లెక్కలు లేవు. సైన్సు లేదు. ఇంగ్లీషు లేదు."

మూడో వరసలో కూర్చున్న ఫర్హత్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఫర్హత్ ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. భర్త అల్తాఫ్ తర్లుపాడు రోడ్డులో ఆటో తిప్పుతాడు. పదేళ్ల కూతురు సైమా ఐదో తరగతి. చిన్నప్పుడు ఫర్హత్ కూడా ఇదే బడి పరీక్ష రాసింది. (అప్పట్లో బడికి ఇంత ప్రశాంతమైన పేరు లేదు.) రెండు మార్కుల్లో సీటు పోయింది. ఆ రెండు మార్కుల్నీ ఆమె ఇరవై ఏళ్లుగా మోస్తూ ఉంది. జాకెట్టు చేతులు కుట్టేటప్పుడు కూడా అప్పుడప్పుడూ అవి గుర్తొచ్చి, కుట్టు పక్కకు పోయేది.

సీరియల్ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. రోజూ సాయంత్రం ఏడున్నరకు వస్తుంది. కథానాయిక కావ్యశ్రీకి పదేళ్లు. (వేసే అమ్మాయికి పందొమ్మిది.) పెద్ద బడి ప్రవేశ పరీక్ష రాయమని తండ్రి పట్టుబడతాడు, కావ్యశ్రీకి జ్వరం వస్తుంది. అరవై ఒకటో ఎపిసోడ్‌లో హాల్‌టికెట్టు చింపేస్తుంది, అరవై రెండులో నాయనమ్మ దాన్ని అన్నం మెతుకులతో అతికిస్తుంది. నూట యాభైలో పరీక్ష హాలుకు బయల్దేరింది. రెండొందల పద్నాలుగు అయినా ఇంకా మెట్ల మీదే ఉంది. పిల్లల్ని పిల్లలుగా ఉండనివ్వండి అనేది సీరియల్ సందేశం. సందేశానికీ సందేశానికీ మధ్య, ఐదో తరగతి నుంచే ఐఐటీకి పునాది వేసే సంస్థల ప్రకటనలు వస్తాయి.

చప్పట్లు ఆగాక రాధాకృష్ణమూర్తి గారు రెండో కాగితం తీశారు.

"కాబట్టి ఇకమీదట ప్రవేశ పరీక్ష ఉండదు. ఒత్తిడిరహిత ప్రవేశ పరీక్ష ఉంటుంది. సిలబస్సు, ఆ సీరియల్ ఒకటి నుంచి రెండొందల పద్నాలుగు ఎపిసోడ్లు. వంద ప్రశ్నలు. తప్పు రాస్తే పావు మార్కు కోత. ఆ తర్వాత మా ఒత్తిడి నివారణాధికారి శ్రీదేవి మేడం గారు బిడ్డ ఎంత ప్రశాంతంగా ఉందో చూసి, ఇరవై మార్కులకు ఇంటర్వ్యూ చేస్తారు."

నియమావళి కూడా పంచారు. గోళ్లు కొరికిన పిల్లలకు వేలికి అర మార్కు చొప్పున తగ్గించబడును (బొటనవేళ్లకు మినహాయింపు). ఇంటర్వ్యూలో ఏడిస్తే నాలుగు మార్కులు తగ్గించబడును. తల్లి ఏడిస్తే రెండు.

సమస్యల్లా ఒకటే. సైమా ఆ సీరియల్ చూసేది కాదు. పాట మొదలవడంతోనే, పలకల ఫ్యాక్టరీ వెనక పారేసిన రాతిముక్క ఒకటి పట్టుకుని వీధిలోకి తొక్కుడుబిళ్ల ఆడను పోయేది.

"సైమా, కూచో. ఇది చదువు," అంది ఫర్హత్ ఆ సాయంత్రం.

"ఇది టీవీ గదా అమ్మీ?"

"ఈ పొద్దు నుంచి చదువు."

వీధి మొదట్లో కిరాణా దుకాణం సుబ్బరత్నమ్మది. ముప్పై ఏళ్లుగా సీరియళ్లు చూస్తూ, ఇంట్లో ఒక్కరి చేతా మంచి మాట అనిపించుకోని మనిషి. వారం తిరిగేలోపు ఆమె సీనియర్ ఫ్యాకల్టీ అయిపోయింది. సాయంత్రం ఐదింటికి కందిపప్పు మూటల మధ్య చాప పరిచి, సొంత మనవరాలు రమ్యతో పాటు సైమాకూ, ఇంకో పన్నెండు మంది పిల్లలకూ పాఠం చెప్పేది.

"యాభై మూడో ఎపిసోడు. నాయనమ్మ కట్టిన చీర రంగేంది?"

"వంకాయ రంగు అవ్వా!"

"కావ్యశ్రీ ఎన్నిసార్లు ఎక్కిళ్లు పెట్టె?"

"ఏడు!"

"ఎనిమిది. ప్రకటన అయినాంక ఇంకోటి ఉండాది. అట్ల ఏమరుపాటుగా ఉంటే సీట్లు ఎట్లొస్తాయే?"

ఫర్హత్ జాకెట్ల పని సగానికి తగ్గించుకుంది. ఫోన్లో పాత ఎపిసోడ్లు పెట్టి, నోట్సు రాసి, సైమా చేత అప్పజెప్పించేది. మొదట్లో సైమా చిన్న చిన్న అనుమానాలు అడిగేది.

"అమ్మీ, కావ్యశ్రీ ఎందుకు ఏడుస్తాది?"

"పరీక్షంటే భయం బేటా."

"పరీక్షంటే భయపడాలనా?"

ఫర్హత్ తర్వాతి ఎపిసోడ్ పెట్టింది. సైమా అప్పటిదాకా ఎన్నో పరీక్షలు రాసింది. రాసినాక పెన్ను జేబులో పెట్టుకుని, అన్నం తిని, ఆడుకోను పోయింది. పరీక్షకు భయపడాలని ఆ పిల్లకు చెప్పినవాళ్లు లేరు. నలభై ఎపిసోడ్లు అయ్యేసరికి ఆ లోటు తీరింది. తొంభై అయ్యేసరికి కావ్యశ్రీ లాగే తల పట్టుకుని, "కళ్లు తిరుగుతా ఉండాయి," అనడం నేర్చింది. పాఠం బాగా ఒంటబట్టిందని ఫర్హత్ మురిసిపోయింది. నూట ముప్పై దగ్గర నిజంగానే అన్నం తినడం మానేసింది.

ఒక మధ్యాహ్నం అల్తాఫ్ భోజనానికి వచ్చి, ముద్ద కలుపుతూ ఆగాడు.

"దీని గోళ్లేమైనాయి?"

సైమా చేతులు వెనక్కి దాచుకుంది.

"బొటనవేళ్లవి ఉండాయి అబ్బా. వాటికి కోత లేదు," అంది.

అల్తాఫ్ భార్య వైపు తిరిగాడు. "ఆ సీరియల్‌లో ఏం చెప్తా ఉండారు? పిల్లోళ్లను చదువు చదువు అని చంపొద్దు, ఆడుకోనీండి అని గదా?"

"అవును."

"మరి నువ్వు ఆడుకోవద్దు, సీరియల్ చదువు అంటా ఉంటివే?"

"సిలబస్సులో అదే ఉండాది మరి," అంది ఫర్హత్. ఆ మాట తన చెవినే పడి, వడ్డించబోయిన గరిటెను మళ్లీ గిన్నెలోనే వంచింది. కానీ అప్పటికి ఇంకా ఎనభై నాలుగు ఎపిసోడ్లు మిగిలి ఉన్నాయి. గరిటె దించి, ఫోను అందుకుంది.

పరీక్ష మార్చి మొదటి ఆదివారం జరిగింది. ఒత్తిడి ఉండకూడదని గేటు దగ్గర పిల్లలకు బెలూన్లు ఇచ్చారు, హాల్లోకి పోయే ముందు తనిఖీ చేసి లాగేసుకున్నారు. హాల్లో నెమ్మదైన వేణువు సంగీతం పెట్టారు. చివరి పది నిమిషాలున్నాయని గుర్తుచేయడానికి అది ఆపి సైరను మోగించారు. నూరో ప్రశ్న ఇలా ఉంది: "జీవితంలో మార్కులు ముఖ్యం కావు. ఈ వాక్యం ఎన్నో ఎపిసోడ్‌లోది? (రెండు మార్కులు)"

మధ్యాహ్నం ఇంటర్వ్యూలు. సైమా వంతు నాలుగింటికి వచ్చింది. గదిలో శ్రీదేవి మేడం, ఒక బీపీ మిషను, ఒక ఫారం. ఫర్హత్‌ను పక్క కుర్చీలో కూర్చోమన్నారు.

"భయపడొద్దు తల్లీ, ఇది పరీక్ష కాదు," అంది శ్రీదేవి, పెన్ను మూత తీస్తూ. "నీకు ఒత్తిడి ఉందా?"

దీనికి జవాబు సుబ్బరత్నమ్మ నెల రోజులు వల్లె వేయించింది. లేదు మేడం, చదువే జీవితం కాదు మేడం. సైమా నోరు తెరిచింది. తల్లి వైపు చూసింది, గోడ వైపు చూసింది, మళ్లీ మేడం వైపు చూసింది.

"ఎ, బి, సి, డి చెప్పండి మేడం," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "అవి చెప్తే పెడతాను."

"అవేమీ ఉండవమ్మా. నీకెట్లుందో చెప్పు, చాలు."

"ఏ ఎపిసోడు మేడం?"

కన్నీళ్లు టపటపా ఫారం మీద రాలాయి. శ్రీదేవి మంచి మనిషే. గబగబా ఫారం పక్కకు లాగి, "ఏడవొద్దు తల్లీ, ఏడవొద్దు, నాలుగు మార్కులు పోతాయి," అని బతిమాలింది.

సైమా కళ్లు తుడుచుకోవడానికి చేతులు పైకెత్తింది. ఫర్హత్ ఆ వేళ్లను చూసింది. ఎర్రగా, మొండిగా, చివర్లు వాచి ఉన్నాయి. నెల రోజులుగా రోజూ చూస్తూనే ఉంది. కాకపోతే వేలికి అర మార్కు లెక్కన చూసింది. వేళ్లుగా చూడడం అదే మొదలు.

లేచి నిలబడింది.

"మా పిల్లకు ఈ సీటు వద్దు మేడం."

"అదేంది? రాత పరీక్ష బాగా రాసింది గదమ్మా?"

"రాసింది. ఇంక ఆడుకోను పోవాల."

శ్రీదేవి ఫారం ముందుకూ వెనక్కూ తిప్పింది. ఈ జవాబుకు గడి ఎక్కడా లేదు. ఆమె ఇంకా వెతుకుతూ ఉండగానే ఫర్హత్ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. మెట్లు దిగుతుంటే ఆ పాత రెండు మార్కులకు ఇవాళ ఇంకో సీటు తోడయింది అనుకుంది. బాధపడదామని చూసింది గానీ, ఆకలి వేస్తున్నట్టు మాత్రమే తెలిసింది.

"అమ్మీ," అంది సైమా గేటు దగ్గర. "కావ్యశ్రీ మెట్లెక్కి హాల్లోకి పోతాదో లేదో ఇంక మనం చూడపన్లేదా?"

"పన్లేదు."

సైమా తండ్రి ఆటో దాకా పరిగెత్తింది. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు బస్టాండు దగ్గర రెండేసి ప్లేట్లు బజ్జీలు తిన్నారు. జూన్‌లో సర్కారు హైస్కూల్లో చేర్పిద్దామని అల్తాఫ్ అన్నాడు, ఎవరూ కాదనలేదు.

కథ ఇంతటితో అయిపోయేదే. నాలుగో రోజు బస్టాండు ఎదురుగా పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది. హాల్‌టికెట్టు ఫోటోలోని సైమా, చుట్టూ పూలు, కింద ఇలా: "ఒత్తిడిని జయించిన మా ఆణిముత్యం. షేక్ సైమా. ప్రథమ ర్యాంకు."

ఫర్హత్ నేరుగా కరెస్పాండెంటు గదికి పోయింది.

"మేం చేరలేదు గదా సార్? ఆ ఫోటో తీసెయ్యండి."

రాధాకృష్ణమూర్తి గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"చేరకపోవడమే కదమ్మా ర్యాంకు! నూట తొంభై ఎనిమిదో ఎపిసోడ్‌లో కావ్యశ్రీ తల్లి చెయ్యాల్సిన పని అది. చేస్తే సీరియల్ అయిపోతుందని చెయ్యలేదు. మీరు చేసినారు. శ్రీదేవి మేడం ఇరవైకి ఇరవై వేసింది. మా బడి పద్ధతి గెలిచిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంది?"

"ఫోటో..."

"తీసేయమని దరఖాస్తు పెట్టుకోండి. ఒత్తిడేమీ లేదు. మీ వీలుచూసుకునే పెట్టండి."

ఇంటికొచ్చేసరికి సుబ్బరత్నమ్మ అరుగు మీద నోటుపుస్తకంతో కాచుకుని ఉంది. రమ్యకు అరవై రెండో ర్యాంకు వచ్చింది. సీట్లు అరవై, సైమా వదిలేసిన సీటు అరవై ఒకటో ర్యాంకుకు పోయింది.

"ఫర్హత్తూ, ఆ మాట నువ్వు కూచోని అంటివా, లేచి అంటివా?"

"ఏ మాట అత్తా?"

"సీటు వద్దన్న మాట. పిల్ల ఏడ్చినాంక అంటివా, ఏడస్తా ఉంటే అంటివా? కొంగు సర్దుకొని గానీ అంటివా?"

"నాకు గుర్తు లేదత్తా. పిల్ల వేళ్లు చూసి అన్నాను."

"వేళ్లు చూసి," అని సుబ్బరత్నమ్మ రాసుకుంది. "ఏ చేతివి?"

తర్వాతి సోమవారం సుఖాధ్యయన విద్యానికేతన్ నోటీసు బోర్డులో కొత్త ప్రకటన వెలిసింది. వచ్చే విద్యా సంవత్సరానికి గాను, సీటు వద్దని చెప్పుటలో తల్లులకూ పిల్లలకూ మూడు నెలల ప్రత్యేక శిక్షణ ప్రారంభించబడును. ఉన్న స్థానాలు నలభై. దరఖాస్తులు ఇప్పటికే మూడొందలు దాటినందున, శిక్షణకు ప్రవేశ పరీక్ష నిర్వహించబడును.