దొరగారి ఊరి గుట్ట

మా గండిపాలేన్ని ఇంగ్లండులోని ఒక పల్లెటూరుగా మార్చాలని తాసీల్దారు గారు సెలవిచ్చారు. చాటింపు కూడా వేయించారు.

కారణం స్వల్పమైనది కాదు. నిరుటి వరదకు మా గోదావరి గట్టు తెగింది. తొలకరిలోపు పూడిస్తే ఊరు ఉంటుంది, లేకపోతే లేదు. పూడ్చమని ఆర్డరు వేయవలసింది ఇంజనీరు దొరగారు. సొంత ఊరు కళ్ళబడితే దొరగారి మనసు మెత్తబడుతుందని తాసీల్దారు గారు కనిపెట్టారు. అంతటి ఆలోచన మామూలు బుర్రకు తడుతుందా? వరద వచ్చినప్పుడల్లా ఊరు మారి, మారినప్పుడల్లా అయినవాళ్ళలో ఒకరిని వెనక వదిలి వచ్చినదాన్ని, నాకు తట్టేది భయం ఒక్కటే.

దొరగారి ఊరి విశేషాలు బట్లరు ద్వారా తెలిశాయి. అక్కడ రాజుగారు కూర్చున్న రాయి ఒకటి ఉందట. మా లోవమ్మ బట్టలుతికే బండ మీద కూడా ఎవరో రాజు కూర్చున్నట్టు నిర్ణయమైంది. ఆమెను ఇక దాని జోలికి రావద్దన్నారు. అక్కడ ఎండిన వాగు మీద వంతెన ఉందట. తాటి దూలాలతో పొడినేల మీద మేమూ ఒకటి కట్టాం. అందరం దాని పక్కనుంచే నడిచేవాళ్ళం. వంతెన దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని ఉండేదట. ఆ పని నాకిచ్చారు. సొంతంగా నాలుగక్షరాలు కూడబలుక్కున్నదాన్ని గనుక చేతిలో పుస్తకం పెట్టారు. జన్మలో నాకు దొరికిన ఉద్యోగం అదొక్కటే.

మిగిలింది అక్కడి గుట్ట. గుట్టకు మట్టి కావాలి. మా దగ్గర అంత మట్టి ఉన్నది గట్టుకే.

"ఉన్న గట్టు కూడా తవ్వేస్తే ఎలాగండీ?" అన్నాడు మునసబు అప్పాజీ, మా మరిది.

"గట్టు కోసమే కదయ్యా తవ్వుతున్నాం," అన్నారు తాసీల్దారు గారు.

మర్నాటి నుంచి ఊరంతా గట్టు తవ్వి గుట్ట పోశాం.

దొరగారు వచ్చారు. రాయి చూశారు, వంతెన చూశారు, నన్నూ చూశారు. గుట్టెక్కి, టోపీ తీసి, కళ్ళు తుడుచుకున్నారు. ఇది ఎప్పటిదని అడిగారు. వెయ్యేళ్ళదని తాసీల్దారు గారు మనవి చేసి నా వైపు చూశారు. తల ఊపడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకున్నాను.

"వెయ్యి సంవత్సరములు ఈ మట్టి కరగలేదు. ఇచట వరద రాదు. గట్టు అక్కరలేదు," అని దొరగారు పుస్తకాల తెలుగులో తీర్పు చెప్పారు.

గుట్ట కిందటి వారం పుట్టిందని ఎవరు చెప్పగలరు? తాసీల్దారు గారి ప్రమోషను దాని మీదే ఉంది.

తొలకరి పడింది. ఇళ్ళ కప్పులు విప్పి పడవలకెక్కించాం. లోవమ్మ వాళ్ళు తణుకు వైపు, మా మరిది వాళ్ళు రావులపాలెం వైపు. నేను ఏ పడవ ఎక్కాలో ఇంకా తేలలేదు. వెళ్తూ వెళ్తూ వంతెన దూలాలు పట్టుకుపోతామేమోనని తాసీల్దారు గారు స్వయంగా వచ్చారు.

"దొరగారి ఊళ్ళో వరదొస్తే జనం ఎటు పోతారు బాబూ?" అని అడిగాను.

"అక్కడ జనం ఎక్కడున్నారమ్మా? బతుకుతెరువుకని ఎప్పుడో తలో దిక్కూ పోయారట. రాయీ వంతెనా గుట్టా, అంతే."

పడవలు కదిలాయి. ఆయన గుట్టెక్కి, నడుం మీద చేతులుంచుకుని, ఖాళీ అయిన ఊరిని నాలుగు వైపులా పరకాయించి చూశారు.

"అచ్చం అలాగే కుదిరింది," అన్నారు.