పెయింటర్ కత్తిరించిన ప్రాస

ఆ ఉదయం టైపిస్టు మనసులో ఉన్న పథకం చిన్నదే. సాయంత్రం పదవీ విరమణ చేయబోయే ఆఫీసరు గారిని నాలుగు లైన్ల కవితతో కరిగించి, బదిలీ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. భర్తా, మూడేళ్ల కూతురూ వేరే ఊళ్లో ఉన్నారు. "మీలాంటి టైపిస్టు మళ్లీ దొరకదమ్మా" అంటూ ఆయన ఆ ఫైలును ఆరు నెలలుగా సొరుగులోనే దాచారు.

అప్పటికే వారం రోజులు లైబ్రరీలో కూర్చుని ఆమె అంత్యప్రాసల గుట్టు పట్టింది. ఒకటీ మూడూ ఒకలా, రెండూ నాలుగూ ఇంకోలా ముగిస్తే చెవికి ఎంత హాయిగా ఉంటుందో తెలిసి ముచ్చటపడింది. గుర్తుగా లైన్ల చివర క, చ, క, చ అని రాసి, బోర్డులు రాసే పెయింటరుకు ఇచ్చింది.

మీరు గదిలోకి వస్తుంటే
మాకు హుషారు హెచ్చింది
మీరు సెలవని వెళ్తుంటే
మాకు ఏడుపు వచ్చింది

"ఈ అక్షరాలేంటమ్మా?"

"ఒకే అక్షరమున్న లైన్లది ఒకే ప్రాస, బాబాయ్."

"అంటే రంగు అద్దడానికి 'చ్చింది' అని అట్ట ఒకటి కత్తిరిస్తే రెండింటికీ సరిపోతుందన్నమాట. భలే ఉందే ఈ విద్య."

కొలతలు చూసుకోవడానికి కాగితాన్ని లైను లైనుగా ముక్కలు చేయడం పెయింటర్ అలవాటు. క ముక్కలు ఒక పక్కన, చ ముక్కలు ఒక పక్కన పెట్టాడు. క లైన్లు సరిగ్గానే పడ్డాయి. చ ముక్కల్లో ఏది ముందో మర్చిపోయాడు. రెండూ ఒకే ప్రాస కదా, ఏదైతేనేం అనుకుని చేతికందింది ముందు రాసేశాడు.

సాయంత్రం పెయింటర్ గుడ్డ కప్పిన బోర్డు తెచ్చాడు. టైపిస్టు కుడి అంచు కాస్త ఎత్తి లైన్ల చివరలు చూసుకుంది. తుంటే, చ్చింది, తుంటే, చ్చింది. ఆమె మనసు కుదుటపడింది.

ఆఫీసరు గారి గదిలోనే సభ. ఆయన గుడ్డ తీసి, గొంతు సవరించుకుని చదివారు.

"మీరు గదిలోకి వస్తుంటే మాకు ఏడుపు వచ్చింది. మీరు సెలవని వెళ్తుంటే..."

నాలుగో లైను మనసులో చదువుకున్నారు.

గుమాస్తాలంతా తలలు దించుకున్నారు. ఆరు నెలల ఆశ నీళ్లపాలైందని టైపిస్టుకు నిజంగానే ఏడుపొచ్చింది.

"రాసిందెవరు?"

"నేనే సార్. కానీ లైన్లు..."

"ప్రాస బాగానే కుదిరింది" అంటూ ఆయన సొరుగులోంచి ఆమె ఫైలు తీశారు. చింపేస్తారనుకుంది. సంతకం పెట్టి చేతికిచ్చారు.

"సార్?"

"వచ్చే వారం నా పింఛను కాగితాలు ఇక్కడే టైపు కావాలి. అవి మీ చేతిలో పడకూడదు. రేపే బయల్దేరండి."

ఆమె బస్సు టికెట్టు కోసం పరుగెత్తింది. ఫైళ్లు ఆగిపోయిన ముగ్గురు గుమాస్తాలు మాత్రం పెయింటరును పక్కకు పిలిచి, కొత్త ఆఫీసరు గారికి స్వాగత కవిత కూడా అతన్నే, ఇలాగే రాయమన్నారు.